మానని గాయానికి అలల వైద్యం

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



షాక్ అనే మాట వింటే మనకు ముందుగా గుర్తొచ్చేది కరెంటు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఛెళ్ళున కొట్టేదే షాక్ అని మన లెక్క. అందుకే "కాలి పుండుకి షాక్ వేవ్ పెడతారట" అని ఎవరైనా అంటే గుండె గుభేలుమంటుంది. అసలే నొప్పితో అల్లాడుతున్న మనిషికి పైనుంచి షాకులు కూడానా అనిపిస్తుంది. ఇంకొందరిది దీనికి సరిగ్గా ఎదురు వరస. కొత్త మిషను వచ్చిందట, కోత లేదు, కుట్టు లేదు, ఎంత పాత పుండైనా ఇట్టే మాడిపోతుందట అని ఆశ. ఆ భయమూ సరికాదు, ఈ ఆశా పూర్తిగా సరికాదు. రెండింటి మధ్యా నిజం ఎక్కడుందో ఇవాళ కాసేపు చెప్పుకుందాం.

ఇదంతా డాక్టర్లకు గానీ మనకెందుకూ అంటారా? ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది మనమే. కట్టు తడవకుండా ఒళ్ళు తుడిచేది మనమే. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తేల్చేది మన వంటిల్లే. పెద్ద ఖర్చు వచ్చిందంటే ఒంటిమీది బంగారం వంక చూసుకునేదీ మనమే. అలాంటప్పుడు ఆ చికిత్స ఏమిటో, దానివల్ల ఎంత మేలో తెలుసుకోవడం కూడా మన పనే కదూ!

కరెంటు కాదు, ఒత్తిడి

దీపావళినాడు వీధిలో పెద్ద బాంబు పేలిందనుకోండి. చెవులు మూసుకున్నా కిటికీ అద్దాలు గలగలమంటాయి, గూట్లో స్టీలు గిన్నెలు అదురుతాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. గాలిలోంచి ఒక ఒత్తిడి వచ్చి తోసి వెళ్ళింది, అంతే. షాక్ వేవ్ కూడా ఆ జాతిదే. ఒత్తిడి క్షణంలో లక్షో వంతు కూడా పట్టనంత వేగంగా పైకి లేచి, మళ్ళీ పడిపోయి, చివర కాస్త వెనక్కి లాగినట్టుగా సాగే అల అది. శరీరంలోకి కరెంటు పోదు. ఎక్స్‌రేలో ఉండేలాంటి కిరణాలూ ఇందులో ఉండవు.

ఈ అల నీళ్ళలో హాయిగా ప్రయాణం చేస్తుంది. మన కండలోనూ ఎక్కువ భాగం నీళ్ళే గనక దానిలోకీ సులువుగా దిగుతుంది. మధ్యలో గాలి అడ్డొస్తే మాత్రం ఎగిరి వెనక్కి పోతుంది. అందుకే మిషను మూతికీ చర్మానికీ మధ్య జిగురులాంటి జెల్ రాస్తారు. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగుకి చల్లగా రాస్తారే, అలాంటిదే.

రాళ్ళు కొట్టడంతో మొదలు

ఈ వైద్యం పుట్టుక వింటే ఆశ్చర్యం వేస్తుంది. జర్మనీలో డోర్నియర్ అని విమానాలు తయారుచేసే కంపెనీ ఉండేది. ధ్వనికంటే వేగంగా పోయే విమానానికి వానచినుకు తగిలితే, ఆ చిన్న చినుకే లోహంలో దెబ్బ పుట్టిస్తుంది. ఎందుకలా అని అక్కడి ఇంజనీర్లు శోధిస్తూంటే ఈ అలల సంగతి బయటపడింది. పైన గీత పడకుండా లోపలి వస్తువును కొట్టగలిగితే, మనిషి మూత్రపిండంలోని రాయిని కూడా కొట్టవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్ నగరంలో క్రిస్టియన్ షాసీ అనే డాక్టరుగారూ, ఆయన తోటివారూ మొదటిసారి ఒక రోగిని నీళ్ళ తొట్టిలో ఉంచి, కోయకుండానే కిడ్నీలోని రాయిని పొడిచేశారు. ఇవాళ మన ఊళ్ళలో కూడా కిడ్నీ రాళ్ళకు కోత లేకుండా చేసే వైద్యాలలో అదొకటి.

అయితే ఒక అనుమానం వచ్చింది. రాయికోసం పంపిన అలలు దగ్గరున్న ఎముకను పాడుచేయవా? జంతువుల మీద పరీక్షించి చూస్తే, ఎముక పాడవడం అటుంచి, కొత్త ఎముక కట్టుకునే పని చురుకైనట్టు కనిపించింది. ఇంకేం, విరిగి నెలల తరబడి అతకని ఎముకలకు ఈ అలలు ఇచ్చి చూశారు. 1991లో బల్గేరియా డాక్టర్లు ఆ ఫలితాలు ప్రచురించారు. ఎముకకు మేలు చేసేది పైనున్న కండకూ, తోలుకూ చేయదా అన్న ప్రశ్న అక్కడినుంచి వచ్చిందే.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. రాయిని పగలగొట్టేటప్పుడు ఇచ్చేది గట్టి దెబ్బ. గాయానికి ఇచ్చేది దానికంటే చాలా మెత్తనిది. రుబ్బురోలు పొత్రం ఎత్తి వేసినదానికీ, పసిపాప వీపు నిమురుతూ తట్టినదానికీ ఉన్నంత తేడా అనుకోండి.

కాలి గాయం ఎందుకు మొండికేస్తుంది?

కూరగాయలు తరుగుతూంటే వేలు తెగుతుంది. నాలుగు రోజుల్లో మానిపోతుంది, మనం మరిచేపోతాం. కానీ స్కూటరు పడి కాలు నలిగితే, చీరకొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుని పడితే, సైకిలు వెనక కూర్చున్న పిల్లవాడి మడమ ఊచల్లో ఇరుక్కుంటే, ఆ గాయం తీరు వేరు. అక్కడ తోలు తెగడమే కాదు, చుట్టూ ఉన్న కండ నలుగుతుంది. దానికి నెత్తురు తెచ్చే సన్నని నాళాలు చితికిపోతాయి. మట్టి, ఇసుక లోపలికి పోతాయి. పైగా మోకాలి కింద ముందువైపు తడిమి చూసుకోండి, తోలు కింద వెంటనే ఎముక తగులుతుంది. కండ పరుపు లేదు. అందుకనే అక్కడి గాయం ఆలస్యంగా మానుతుంది.

గాయం మానడం అంటే ఇల్లు బాగుచేసుకోవడం లాంటిది. ముందు నెత్తురు గడ్డకట్టి కారడం ఆగాలి. తర్వాత తెల్లకణాలు వచ్చి చచ్చిన కండనూ, క్రిములనూ ఊడ్చిపారెయ్యాలి. ఆ రోజుల్లోనే వాపూ, వేడీ ఉంటాయి. ఆపైన కొత్త రక్తనాళాలు మొలిచి, దానిమ్మగింజల్లా ఎర్రని కొత్త కండ లేవాలి. అప్పుడు అంచులనుంచి తోలు పాకుతూ వచ్చి కప్పాలి. ఆ తర్వాత కూడా లోపల గట్టిపడడానికి నెలలు పడుతుంది. మొండి గాయం ఈ మెట్లలో ఎక్కడో ఆగిపోతుంది. చాలావరకు ఊడ్చే దగ్గరే ఆగి, వాపూ చీమూ తప్ప కొత్త కండ రాదు.

అలలు ఏం చేస్తాయంటే, ఆగిపోయిన ఆ పనివాళ్ళను మళ్ళీ కదిలిస్తాయి. మొక్క మొదట్లో మట్టి గట్టిపడితే చిన్న పారతో గుల్లచేస్తాం. అప్పుడు మనం మొక్కకు కొత్తగా పెట్టిందేమీ లేదు, వేళ్ళు వాటి పని అవి చేసుకునే వీలు కల్పించాం. అలాగే ఒత్తిడి తాకినప్పుడు కణాలు దాన్ని ఒక కబురులా అందుకుంటాయి. నాళాలను విప్పి నెత్తురు పారించే పదార్థాలూ, కొత్త నాళాలు మొలిపించే పదార్థాలూ అక్కడ పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. నెత్తురు వస్తే ప్రాణవాయువూ వస్తుంది, ఆహారమూ వస్తుంది. కొత్త కండకు కావలసింది అదే.

పరీక్షల్లో తేలినదెంత?

వియన్నా నగరంలో ప్రమాద బాధితుల ఆసుపత్రిలో వోల్ఫ్‌గాంగ్ షాడెన్ అనే డాక్టరుగారి బృందం, మానక మొండికేసిన గాయాలున్న 208 మందికి ఈ చికిత్స చేసి, 2007లో ఫలితాలు ప్రకటించింది. వారిలో దెబ్బలవల్ల కండ చచ్చినవారూ, కాలినవారూ, మంచాన పడి పుళ్ళు పడ్డవారూ ఉన్నారు. 156 మందికి, అంటే నూటికి 75 మందికి గాయం పూర్తిగా మూసుకుంది. సగటున ఒక్కొక్కరికి మూడుసార్లకు లోపే చికిత్స సరిపోయింది. చికిత్సవల్ల ఎవరి గాయమూ ముదరలేదు. చిన్న గాయాలూ, నెలలోపు గాయాలూ బాగా మానాయి.

బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇంట్లో కొత్త ఆవకాయ కారం రుచి చూసేటప్పుడు పాతదాని పక్కన పెట్టి చూస్తామా లేదా? ఆ పరీక్షలో అలా పక్కన పెట్టి చూడడానికి, అలలు ఇవ్వని మరో జట్టు లేదు. అలలు లేకుండా మామూలు వైద్యంతోనే వారిలో ఎందరికి మానేదో చెప్పలేం.

అలా రెండు జట్లుగా చేసి చూసిన పరీక్షలూ ఉన్నాయి. జర్మనీలో చేసి 2010లో ప్రచురించిన చిన్న పరీక్షలో 28 మంది పాల్గొన్నారు. గాయానికి అతకడానికి తొడనుంచి పల్చని తోలు తీస్తారు కదా, ఆ తీసిన చోటు అలలు ఇచ్చినవారికి సగటున సుమారు 14 రోజుల్లోనూ, ఇవ్వనివారికి సుమారు 17 రోజుల్లోనూ మానింది. మూడు రోజులు ముందన్నమాట. 336 మంది మీద చక్కెర జబ్బువల్ల వచ్చే పాదాల పుళ్ళకు పరీక్షిస్తే, 24 వారాల్లో అలలు ఇచ్చిన జట్టులో నూటికి 44 మందికీ, ఉత్తుత్తి మిషను పెట్టిన జట్టులో నూటికి 30 మందికీ మూసుకున్నాయి. దాన్ని చూసే అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 2017 డిసెంబరులో ఆ మిషనుకు అనుమతి ఇచ్చింది.

ఈ లెక్క జాగ్రత్తగా వినండి. 44కీ 30కీ మధ్య తేడా 14. అంటే నూరు మందిలో అదనంగా బాగుపడింది 14 మంది. 56 మందికి అలలు పెట్టినా ఆ గడువులో మూసుకోలేదు. పైగా ఆ అనుమతి చక్కెర జబ్బు పాదాల పుండుకు, అదీ మామూలు వైద్యానికి తోడుగా. రోడ్డు ప్రమాదంలో నలిగిన కాలికి కాదు. కనక ఇది మంచి తోడు, అసలు వైద్యానికి బదులు కాదు.

గొలుసు తాకట్టు దాకా వచ్చిన కథ

మా వీధిలో ఒక చెల్లెలు ఉంది. భర్త స్కూటరు మీదనుంచి పడి చీలమండ పైన తోలు లేచిపోయింది. రెండు నెలలైనా మానలేదు. ఎవరో చెబితే ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళింది. అక్కడ పుండుమీద కట్టు పూర్తిగా విప్పి చూడకుండానే, పదిసార్లు షాక్ వేవ్ పెట్టాలి, సొమ్ము ముందే కట్టాలి అన్నారట. గొలుసు తాకట్టు పెట్టబోతూ నా దగ్గరకొచ్చింది. "అక్కయ్యగారూ, మీరు రేడియోలో మాట్లాడతారు గదా, మీకు తెలిసే ఉంటుంది" అంది. నేను మెట్రిక్ చదివినదాన్ని, డాక్టర్ని కాను. "ముందు పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జనుకి చూపించు, గొలుసు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

అక్కడ మొదట రక్తం పరీక్ష చేశారు. చక్కెర ఎక్కువగా ఉందని తేలింది. ఆయనకు చక్కెర జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత ఏం తింటున్నాడని అడిగారు. పప్పు తింటే చీము పడుతుందని ఈ పిల్ల రెండు నెలలుగా చారూ అన్నమూ, బ్రెడ్డూ మాత్రమే పెడుతోంది. గుడ్డు మాట ఎత్తితేనే అత్తగారు చెవులు మూసుకున్నారట. సర్జనుగారు చక్కెర అదుపులోకి తెచ్చి, చచ్చిన కండ తీసేసి, తొడ తోలు తెచ్చి అతికారు. ఈ గాయానికి అలలు అవసరం పడలేదన్నారు. గొలుసు మెడలోనే ఉంది.

ఆ చికిత్స చెడ్డదని చెప్పడానికి కాదు ఈ కథ. కారణం వెతక్కుండా ఏ మిషను పెట్టినా ఒకటే. లోపల ఎముక చీము పట్టినా, కాలికి నెత్తురు తెచ్చే పెద్ద నాళం మూసుకున్నా, చక్కెర పెరిగినా, పైపైన అలలు ఇస్తే ఏం లాభం? ట్యాంకులో నీళ్ళు లేకుండా కుళాయి తిప్పినట్టు.

పెట్టేటప్పుడు ఏం చేస్తారు?

ముందు గాయాన్ని శుభ్రం చేసి, చచ్చిన కండ తీస్తారు. క్రిములు లేని జెల్ రాసి, పైన పల్చని శుభ్రమైన పొర కప్పుతారు. మిషను మూతిని గాయం మీదా, చుట్టూ అంచుల మీదా మెల్లగా జరుపుతారు. టకటకమని చప్పుడు వస్తుంది. గాయం సైజును బట్టి కొద్ది నిమిషాల పని. చాలామందికి మత్తు అవసరం ఉండదు. అయిపోయాక మామూలుగా కట్టు కడతారు. వారానికో, రెండు వారాలకో ఒకసారి చేస్తారు. కాస్త ఎర్రబడడం, నొప్పి, చిన్న చిన్న నెత్తుటి చుక్కలు కనిపించవచ్చు.

అందరికీ పనికిరాదు. గాయం ఉన్నచోట కాన్సరు ఉంటే వద్దు. కడుపుతో ఉన్నావిడకు కడుపు వైపు వద్దు. ఊపిరితిత్తుల మీదుగా వద్దు. నెత్తురు గడ్డకట్టని జబ్బున్నవారూ, నెత్తురు పల్చబడే బిళ్ళలు వేసుకునేవారూ ముందే చెప్పాలి. ఎదిగే పిల్లల ఎముకల కొసల దగ్గర గట్టి అలలు ఇవ్వరు.

మరో మాట. మడమనొప్పికీ, భుజంనొప్పికీ ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో ఇప్పుడు షాక్ వేవ్ అని పెడుతున్నారు. వాటిలో చాలా మిషన్లు గాలి ఒత్తిడితో లోపలి చిన్న గుండును కొట్టి అదురు పుట్టించేవి. వాటి అల మెల్లగా లేస్తుంది, పైపైనే చెదురుతుంది. పేరొకటే అయినా గాయాల పరీక్షల్లో వాడిన మిషన్లన్నీ అలాంటివి కావు. కాబట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ గాయం మానకపోవడానికి కారణం ఏమిటి? ఈ మిషను తెరిచి ఉన్న గాయాలకు ఉద్దేశించినదేనా? ఎన్నిసార్లు పెట్టాక, మేలు లేకపోతే ఆపేస్తారు? దీనితోపాటు జరగాల్సిన మామూలు వైద్యం ఏమిటి? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు పది అడుగుతాం, కాలి విషయంలో నాలుగు అడగలేమా?

మన చేతిలో ఉన్న వైద్యం

అలల వైద్యం అన్ని ఊళ్ళలో దొరకదు. దెబ్బ తగిలిన మొదటి గంటలో చేయాల్సింది మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడొద్దు. కాఫీపొడి, పసుపు, సున్నం, ఇంజను ఆయిలు ఏదీ పెట్టొద్దు. తర్వాత ఆసుపత్రిలో అదంతా గీకి తీయాల్సి వస్తుంది, ఆ నొప్పి పడేది మనవాళ్ళే. నెత్తురు ఉధృతంగా లేకపోతే ధారగా మంచినీళ్ళు పోసి మట్టి పోగొట్టండి. లోపల గుచ్చుకున్న ఇనుపముక్కను మాత్రం లాగొద్దు. చేతికి దెబ్బయితే ఉంగరాలు, గాజులు, కాలికైతే మెట్టెలు, పట్టీలు వెంటనే తీసెయ్యండి. వాపు వచ్చాక అవి రావు, నెత్తురాడకుండా బిగుసుకుంటాయి. సెంటిమెంటు అని ఊరుకుంటే వేలికే ముప్పు. వేలు తెగి పడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసు మీద ఉంచి పట్టుకెళ్ళండి. ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోను చేయండి. ధనుర్వాతం సూది సంగతి అడగండి.

ఇంటికొచ్చాక పథ్యం పేరుతో పస్తు పెట్టకండి. కొత్త కండ దేనితో కడుతుందనుకున్నారు? మాంసకృత్తులతో. అంటే పప్పు, పాలు, పెరుగు, శనగలు, తినేవారైతే గుడ్డు, చేప. పప్పు తింటే చీము పట్టదు, క్రిములు చేరితే పడుతుంది. జామకాయ, ఉసిరి, నిమ్మ, ఆకుకూరలు రోజూ ఉండాలి. చుట్ట, సిగరెట్టు మానాలి. అవి సన్ననాళాలను ముడుచుకుపోయేలా చేస్తాయి, గాయానికి అందాల్సిన నెత్తురు అందదు.

గాయం నల్లబడినా, వాసన వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్ళు చల్లబడి మొద్దుబారినా, ఎర్రని చారలు పైకి పాకినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగకండి. నెలరోజుల్లో గాయం మానే తోవ పట్టకపోతే కట్లు మార్చుకుంటూ కూర్చోకుండా పెద్ద డాక్టరుకి చూపించండి. వియన్నా పరీక్షలో కూడా నెలలోపు గాయాలే బాగా మానాయని చెప్పుకున్నాం గదా!

చివరగా మన సంగతి. ఇంట్లో మగవాళ్ళకో పిల్లలకో దెబ్బ తగిలితే ఆటో పిలుస్తాం. మన కాలికి తగిలితే పాతచీర పేలిక చుట్టి వంటింట్లోకి నడుస్తాం. అందరూ తిన్నాక అడుగున మిగిలిన పప్పు కూడా ఉండదు, చారుతో సరిపెట్టుకుంటాం. అటువంటి ఒంట్లో గాయం మానాలంటే ఎక్కడినుంచి వస్తుంది శక్తి? ఏ దేశపు అలలు వచ్చి కొట్టినా, లోపల సరుకు లేకపోతే కండ లేవదు. ఇవాళ ఈ ప్రసంగం విన్నవాళ్ళలో ఎవరి కాలికైనా నెలదాటిన పుండు ఉంటే, రేపు పొద్దున పొయ్యి కాస్త ఆలస్యంగా వెలిగించినా ఫరవాలేదు, ముందు ఆసుపత్రికి బయలుదేరండి. ఉంటాను, సెలవు.